వాచీ ఆయన చూడని ముక్కలు

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. జీతాల రోజున సంతకం పెట్టడానికి తప్ప దానితో ఎవరికీ పని పడదు. మిగతా అన్ని రోజులూ ఆమె మైనమ్మే. ల్యాబులో ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు కానీ, కరిగిన మైనం వాసన ఆమె కొంగుకీ, జడకీ, చివరికి ఆమె తెచ్చుకునే అన్నం డబ్బాకీ పట్టి ఉంటుంది కాబట్టి పేరు అతుక్కుపోయింది. ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. మొదట్లో మూతి ముడుచుకునేది. తర్వాత తర్వాత, ఆ పేరుతో పిలవకపోతేనే ఆయనకి ఏదో కోపం వచ్చిందేమోనని అనుమానపడటం మొదలుపెట్టింది.

అనుమానం ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు, పనితో వచ్చింది. ఆస్పత్రిలో మనిషి ఒంట్లోంచి గడ్డో, పుండో, పేగు ముక్కో కోసి తీస్తే అది మందు నీళ్ళ సీసాలో పడి ఈ ల్యాబుకి వస్తుంది. అందులో చెడ్డ రోగం ఉందా లేదా అని చెప్పేది పెద్ద డాక్టరు గారు. కానీ ఆయన మైక్రోస్కోపులో చూడాలంటే ఆ ముక్క గాజు పలక మీద ఉల్లిపొర కన్నా పల్చగా పరుచుకోవాలి. అలా పరిచేది మైనమ్మ. ముక్కలో ఉన్న తడంతా స్పిరిటు లాగేశాక, దాని బదులు కరిగిన మైనం లోపలికి ఎక్కించి, అచ్చులో పోసి గట్టిపరిస్తే బ్లాకు తయారవుతుంది. దాన్ని ఐసు మీద చల్లబరిచి, మిషన్‌కి బిగించి చక్రం తిప్పితే బ్లేడు మీదుగా పల్చటి రిబ్బను జారుతుంది. ఆ రిబ్బనుని గోరువెచ్చటి నీళ్ళలో తేల్చి, గాజు పలకతో పైకి ఎత్తుకుంటుంది. ఒకరి ముక్కలోని చిన్న నలక ఆ నీళ్ళలో మిగిలి ఇంకొకరి పలక మీదకి ఎక్కిందా, లేని రోగం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ప్రతి ముక్క తర్వాతా నీళ్ళ పైన కాగితంతో తుడుస్తుంది. తుడిచాక కూడా వంగి, దీపం వెలుగులో ఏటవాలుగా చూస్తుంది. తన కళ్ళనే తను నమ్మని మనిషి ఊళ్ళో వాళ్ళని ఏం నమ్ముతుంది?

ఇదంతా ఆమె ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. సీసాలు కడగడానికి చేరి, అప్పటి ముసలి కోతగాడి వెనక నిలబడి చూసి పట్టుకుంది. ఆయన మాట్లాడే మనిషి కాదు. తప్పు చేస్తే చేతి మీద ఒక్కటిచ్చి మళ్ళీ తన పని చూసుకునేవాడు. ఆయన పోయాక ఆ చక్రం ఆమెకి వచ్చింది. అప్పటినుంచి ఆ గది, గదిలో కిటికీ పక్క బల్ల, బల్ల మీద చక్రం ఆమె ఇల్లు లాంటివే. పక్కన రంగులు వేసేవాడొకడున్నాడు. గాజు పలకల్ని ఊదా రంగులో ముంచి, గులాబీ రంగులో ముంచి ఆరబెట్టడం వాడి పని. అందరూ రంగుల తమ్ముడు అంటారు. వేళ్ళు ఎప్పుడూ ఊదాగా ఉంటాయి, నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఒకరోజు పొద్దున పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని గదిలోకి వచ్చారు.

"బీమా వాళ్ళు మన రేట్లు మారుస్తున్నారు" అన్నారు.

ల్యాబుకి వచ్చే సీసాల్లో చాలా భాగం ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు మీద వచ్చేవే. రోగి చేతినుంచి ఏమీ పడదు, పని అయ్యాక బీమా ఆఫీసు ల్యాబుకి కడుతుంది. ఎంత కట్టాలో ల్యాబు చెప్పదు, ఆఫీసే చెబుతుంది. ఎప్పుడో వేసిన రేటే ఇన్నాళ్ళూ నడుస్తోంది. ఇప్పుడు కొన్ని ల్యాబుల్ని ఎంచి, ఒక్కోదాంట్లో ఒక మనిషిని కూర్చోబెడతారట. చిన్న ముక్కకి ఎంత చాకిరీ పడుతోంది, పెద్ద ముక్కకి ఎంత, మైనం ఎంత, బ్లేడ్లు ఎన్ని అని అతను చూస్తాడు. అన్ని ల్యాబుల లెక్కా కలిపి, సగటు తీసి, దాని మీద రేటు కడతారు.

"అతను చూసిందే లెక్క" అన్నారు డాక్టరు గారు. "ఆ రేటు మనకి గిట్టిందా సరే. గిట్టకపోతే ఈ గది నడపలేను. సీసాలన్నీ మిషన్లతో చేసే ఆ పెద్ద ల్యాబుకి పంపేయడమే."

"మరి మేము సార్?" అన్నాడు రంగుల తమ్ముడు.

"చూద్దాం" అన్నారు ఆయన.

ఆ 'చూద్దాం' మైనమ్మకి నచ్చలేదు. జీతం పెంచమన్నప్పుడల్లా వినిపించే 'చూద్దాం' వేరు, ఇది వేరు. ఇది ముందే చూసేసిన మనిషి నోట్లోంచి వచ్చినట్టుంది.

గుమ్మం దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగారు. "అతనున్నన్నాళ్ళూ కాస్త నిదానంగా చెయ్యండి. మీరు గబగబా చేసేస్తే ఇదేదో చేతులు దులుపుకునే పని అనుకుంటాడు."

ఆయన వెళ్ళగానే రంగుల తమ్ముడు గొంతు తగ్గించాడు. "అక్కా, మొన్న ఈయన ఈ గదిని టేపుతో కొలిచాడు చూశావా? ఈ గోడ నుంచి ఆ గోడ దాకా."

"చూశాను."

"ఎందుకు కొలిచినట్టు?"

"నీకు ఉయ్యాల కట్టడానికి."

"నిజం చెప్పవే!"

"నిజం తెలిస్తే నీకు చెబుతూ కూర్చుంటానా? ముందు నేను ఏడుస్తాను కదరా."

అలా ఇద్దరికీ నమ్మకం కుదిరిపోయింది. గది ఎప్పుడో అమ్ముడుపోయింది, రేటు వంక మాత్రమే, వచ్చేవాడు ఆ పెద్ద ల్యాబు తాలూకు మనిషే అయ్యుంటాడు.

ఆ మనిషి వచ్చాడు. నడివయసు, బక్కపలచన, మెడలో, డ్రిల్లు మాస్టారికి ఈల వేలాడే చోట, నొక్కితే నడిచి నొక్కితే ఆగే వాచీ వేలాడుతోంది. మడత స్టూలు ఒకటి తనే చంకలో పెట్టుకొచ్చాడు. తన ఫ్లాస్కు తనే తెచ్చుకున్నాడు. మైనమ్మ మర్యాదకి టీ ఇవ్వబోతే, "వద్దమ్మా, ఆఫీసు రూలు" అని చేతులు జోడించాడు. బల్లకి ఓ మూల, చేతికి అడ్డం రాని చోట, సరిగ్గా చక్రం కనిపించేలా స్టూలు వేసుకున్నాడు. ఎక్కడ కూర్చోవాలో ఎవరినీ అడగలేదు.

"ముందే తెలుసు ఈయనకి, ఎక్కడ కూర్చోవాలో" అని గొణిగింది మైనమ్మ, రంగుల సీసాల దగ్గరికి వెళ్ళి.

"టీ కూడా తాగనివాడు మామూలోడు కాదక్కా" అన్నాడు వాడు.

నిదానంగా చేయమని డాక్టరు గారు చెప్పడం తేలికే. చేసేవాళ్ళకి తెలుస్తుంది. చక్రం తిప్పడానికి ఒక ఊపు ఉంటుంది. ఆ ఊపు తప్పిందా, రిబ్బను ఒకచోట మందం, ఒకచోట పల్చన. ఆలోగా ఐసు మీద బిగిసిన బ్లాకు కాస్తా వెచ్చబడి మెత్తనవుతుంది. మైనమ్మ మొదటి బ్లాకుని మెల్లగా తిప్పబోయింది. చారలు చారలుగా వచ్చింది. చేతికి సిగ్గేసింది. మళ్ళీ ఐసు మీద పెట్టి, ఈసారి తన ఊపులో తిప్పింది. రిబ్బను వెన్నలా జారింది. వాచీ ఆయన టక్కున వాచీ నొక్కాడు.

సరే, చక్రం దగ్గర కుదరదు కాబట్టి మిగతా చోట్ల నిదానిద్దామనుకుంది. బల్ల తుడిచింది. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. కుంచెలు కడిగి వరసగా పేర్చింది. అటుపక్క రంగుల తమ్ముడు ఒకే గాజు తొట్టిని పెళ్ళికొడుకు మొహంలా రుద్దుతున్నాడు. కాసేపటికి మైనమ్మ ఓరగా చూసింది. వాచీ ఆయన బొటనవేలు వాచీ మీదే ఉంది, కానీ వాచీ ఆగి ఉంది. వాళ్ళు తుడవడం మొదలుపెట్టగానే ఆపేస్తున్నాడు, బ్లాకు ముట్టుకోగానే మళ్ళీ నొక్కుతున్నాడు. మొహంలో ఏ భావమూ లేదు.

"అక్కా, నా తొట్టి అరిగిపోతోంది" అన్నాడు రంగుల తమ్ముడు మధ్యాహ్నం అన్నాల దగ్గర. "ఆయన మాత్రం దాన్ని పనిలో కట్టట్లేదు."

"నోరు మూసుకుని తిను. గోడలకి చెవులు లేకపోయినా ఆయనకి ఉన్నాయి."

అసలు దాచింది ఇంకొకటి ఉంది. అన్ని ముక్కలూ వెన్నలా రావు. రొమ్ము ముక్కల్లో కొవ్వు ఎక్కువ. కొవ్వులోకి మైనం సరిగ్గా ఎక్కదు, బ్లాకు నడుమ గుజ్జుగా ఉండిపోతుంది, రిబ్బను చిరిగి గుంట పడుతుంది. అప్పుడు మైనం అంతా కరిగించి, ముక్కని మళ్ళీ స్పిరిటులో వేసి, మొదటినుంచి చేసుకు రావాలి. ఎముక ముక్కలు ఇంకో రకం. ఆమ్లంలో నానబెట్టి మెత్తబరిచినా లోపల ఎక్కడో ఒక పలుకు మిగులుతుంది. బ్లేడు దానికి తగిలి పంటి గాటు పడుతుంది, ఆ బ్లేడు ఇక చెత్తబుట్టకే. ఒక్కోరోజు సగం పొద్దు ఇలాంటి వాటితోనే గడిచిపోతుంది.

చాలాకాలం కింద ఇదే బీమా ఆఫీసు నుంచి ఒక తనిఖీ ఆయన వచ్చాడు. చెత్తబుట్టలో చిరిగిన రిబ్బన్లు, అరిగిన బ్లేడ్లు చూసి, "ఇంత వృథానా?" అన్నాడు. రెండోసారి చేసిన ముక్కలకి కట్టేది లేదని కొట్టేసి పోయాడు. ఆ తర్వాత పెద్ద డాక్టరు గారు మాట్లాడిన మాటలు మైనమ్మ చెవుల్లో ఇంకా ఉన్నాయి. కాబట్టి ఈ వాచీ ఆయన దేనికి వచ్చాడో ఆమె ఎవరినీ అడగక్కర్లేకపోయింది. చిరిగిన వాటిని ఏరి, నలుగురిలో తలదించుకునేలా చేసి, మీకు పని రాదు అని రాయడానికే. ఆ అవకాశం ఇవ్వకూడదు.

అందుకని పొద్దున్నే వాచీ ఆయన రాకముందు బ్లాకులన్నిటినీ వేలితో నొక్కి చూసేది. మెత్తగా తగిలినవీ, ఎముకవీ తీసి ఫ్రిజ్‌లో ఐసు తట్ట వెనక పెట్టేసేది. బుద్ధిగా తెగేవే బల్ల మీదకి వచ్చేవి. సాయంత్రం ఆయన స్టూలు మడుచుకుని వెళ్ళాక, దాచినవి బయటికి తీసి, దీపం వేసుకుని కుస్తీ పట్టేది. చుట్టాలొస్తున్నారంటే చిందరవందరగా ఉన్న బట్టలన్నీ మంచం కిందకి తోసినట్టే. గదికి ఇంత పరువు ఎప్పుడూ దక్కలేదు.

మూడు నాలుగు రోజులు ఇలా సాఫీగానే నడిచింది. ఒకరోజు పెద్ద డాక్టరు గారు, వాచీ ఆయన ఉండగానే లోపలికి వచ్చారు.

"మైనమ్మా, ఆ రొమ్ము ముక్క స్లైడేది? వార్డులో ఆవిడ పొద్దుటినుంచి కనిపించిన ప్రతివాళ్ళనీ అడుగుతోందట."

అది ఐసు తట్ట వెనక ఉంది. "ఇంకా మైనం గట్టిపడలేదు సార్" అంది.

డాక్టరు గారు ఏదో అనబోయి, స్టూలు వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుని వెళ్ళిపోయారు. వాచీ ఆయన తలెత్తి మైనమ్మని చూశాడు. ఏమీ అడగలేదు. అడిగినా బావుండేది. గట్టిపడని మైనం అనేది ఆ గదిలో లేదని, ఐసు మీద పెడితే క్షణాల్లో రాయవుతుందని ఇన్నాళ్ళు కూర్చుని చూసిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

"కనిపెట్టేశాడ్రా" అంది తర్వాత.

"కనిపెడితే అడిగేవాడు కదా."

"అడగనివాడితోనే భయం."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మొగుడు ముందు గదిలో బేరంలో ఉన్నాడు. ఆయన స్కూటర్లకి, ఆటోలకి సీట్లు కుడతాడు. ముందు గదంతా రెగ్జిన్ తాన్లు, స్పాంజి ముక్కలు. ఒకతను స్కూటరు సీటు పట్టుకొచ్చాడు. పైన చూడటానికి శుభ్రంగానే ఉంది, ఓ మూల కుట్టు విడిందంతే.

"ఈ కాస్త కుట్టుకి అంతా?" అంటున్నాడు అతను.

"కుట్టుకి కాదండీ. మీరే విప్పి చూడండి" అని మొగుడు సీటు అతని ఒళ్ళోనే పెట్టి, మేకులు ఊడదీసే కొక్కెం చేతికిచ్చాడు.

అతను అయిష్టంగానే రెండు మేకులు లాగాడు. పైతోలు లేచింది. లోపల స్పాంజి పిండిలా రాలింది. అడుగు రేకు తుప్పు పట్టి వేలు దూరేలా ఉంది. అతను రేకు తుప్పు వేలితో గీరాడు. కాసేపు చూసి, "ఎప్పుడిస్తారు?" అన్నాడు.

అతను వెళ్ళాక మైనమ్మ గుమ్మం మీదే కూలబడింది. "వాడి చేత ఎందుకు విప్పించావు? నువ్వే విప్పి చూపించొచ్చు కదా."

"నేను విప్పితే, నేనే చింపి చూపిస్తున్నానంటాడు. వాడి చేత్తో వాడే విప్పుకుంటే ఎవర్ని అంటాడు?"

"చూపించకుండానే రేటు చెబితే?"

"పైన కుట్టు చూసి కుట్టుకే ఇస్తాడు. లోపల తుప్పు నేను పడతాను. ఏమే, ఇవాళ నా వ్యాపారం మీద పడ్డావేంటి? చక్రం మానేసి సూది పట్టుకుంటావా?"

"పట్టుకోవాల్సి వస్తుందేమో" అంది మైనమ్మ. నవ్వుతూ అనలేదు. మొగుడు కూడా నవ్వు ఆపేశాడు.

అన్నం తింటున్నంతసేపూ ఆమె లోపల లెక్క తిరుగుతూనే ఉంది. వాచీ ఆయన ఇన్నాళ్ళూ చూసిందేమిటి? ఐసు మీంచి తీయడం, తిప్పడం, తేల్చడం, ఎత్తడం. ప్రతి ముక్కా మొదటి తిప్పుకే వచ్చేస్తున్నట్టు. అంటే ఆయన ఆఫీసుకి వెళ్ళి అదే చెబుతాడు. రేటు దాని మీదే కడతారు. ఐసు తట్ట వెనక పడిన చాకిరీ ఎవరూ కట్టరు, ఎందుకంటే అది ఎవరికీ తెలీదు. పరువు కోసం మంచం కిందకి తోసిన బట్టలు, ఉతికే కూలి అడగాల్సిన బట్టలే. ఆయన్ని అనుమానించి అనుమానించి, ఆయన చేస్తాడని భయపడిన పని ఆమే చేసి పెట్టింది.

మర్నాడు వాచీ ఆయనకి ఆ ల్యాబులో ఆఖరి రోజు. మైనమ్మ ఆయన రాకముందు ఏమీ ఏరలేదు. ఆయన స్టూలు వేసుకున్నాక, ఫ్రిజ్ తలుపు తీసి, ముందు రోజు దాచి ఇంకా లొంగనివన్నీ ఆయన కళ్ళ ముందే తట్టతో సహా బల్ల మీద పెట్టింది. రంగుల తమ్ముడి చేతిలో తొట్టి జారబోయింది.

"అక్కా!"

"నీ పని చూసుకో."

రొమ్ము ముక్క ముందు సాయంత్రం మైనం కరిగించి మళ్ళీ చేసిందే, రెండోసారి. బిగించి తిప్పింది. నడుమ గుంట పడి రిబ్బను రెండుగా చీలింది. ఐసు పెట్టి మళ్ళీ తిప్పింది. చీలింది. విప్పి, బ్లాకుని వాచీ ఆయన చేతికిచ్చింది.

"మీరే నొక్కి చూడండి."

ఆయన తటపటాయించి, చేతికి తొడుగు వేసుకుని, వేలితో నొక్కాడు. వేలి గుర్తు పడింది. పక్కన ఇంకో బ్లాకు తీసి నొక్కాడు. అది రాయిలా ఉంది. మళ్ళీ మొదటిది నొక్కాడు.

"ఇలాంటివి రోజూ ఉంటాయా?"

"ఉంటాయి."

"మరి నాకెందుకు కనిపించలేదు?"

"మీరున్నారని."

ఆయన నవ్వలేదు. వాచీ తాడు వేలికి చుట్టుకున్నాడు. "అమ్మా, నేను ఇంతకుముందు వెళ్ళిన ల్యాబుల్లో కూడా అన్నీ మొదటి తిప్పుకే వచ్చాయి. ఎక్కడో ఏదో దాస్తున్నారని నాకూ అనిపించింది. నిన్న మీ డాక్టరు గారు అడిగినప్పుడు ఇక్కడా అంతేనని తెలిసింది. కానీ నేను చూడనిది నేను రాయలేను."

"ఇప్పుడు చూశారు కదా."

"చూశాను. ఇన్ని రోజులూ ఒక్కటీ చిరగలేదు, ఆఖరి రోజు మాత్రం తట్టెడు చిరిగాయని నేను రాస్తే, మా ఆఫీసులో ఏమంటారు? వాళ్ళు నాటకం ఆడారు, నువ్వు చూస్తూ కూర్చున్నావు అంటారు. ఈ ఒక్క రోజుని తీసి పక్కన పడేస్తారు."

మైనమ్మకి ఒళ్ళు మండింది. దాచినప్పుడు నిజమని నమ్మారు, చూపించినప్పుడు నాటకమంటున్నారు. ఇదేదో ముందే తెలిసి ఆడుతున్న ఆటేమో అని మళ్ళీ అనుమానం తలెత్తింది. ఆయన మొహంలోకి చూసింది. నిద్ర చాలని మొహం, ఇంకేమీ లేదు.

"ఇంకేం దారి లేదా?"

"మీ డాక్టరు గారు ఇంకొన్నాళ్ళు చూడమని అడగాలి. ల్యాబు అడిగితే ఆఫీసు కాదనదు. నా అంతట నేను ఉంటానంటే మాత్రం మీకూ నాకూ ఏదో ఉందనుకుంటారు."

అంటే మళ్ళీ డాక్టరు గారి దగ్గరికే పోవాలి. గదిని టేపుతో కొలిచిన మనిషి దగ్గరికి.

ఆయన మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు. మైనమ్మ తలుపు దగ్గరే నిలబడి, ముందు అనుకున్నదంతా మర్చిపోయి, "గది ఎందుకు కొలిచారు సార్?" అనేసింది.

ఆయన తలెత్తారు. నీళ్ళు నములుతారనుకుంది. నమల్లేదు. "స్కానింగ్ మిషన్ పడుతుందేమోనని."

"పట్టిందా?"

"పడుతుంది. మీ బల్ల తీసేస్తే."

ఇన్నాళ్ళూ అనుమానించింది నిజమైతే మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. అయినా చెప్పాల్సింది చెప్పింది. దాచిన సంగతీ, చూపించిన సంగతీ, ఆయన అడగాల్సిన సంగతీ.

డాక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంకొన్నాళ్ళు కూర్చోబెడితే ఇంకేం బయటపడుతుందో. మన చిరుగులన్నీ చూసి, వీళ్ళకి పని చేతకాదు అని రాస్తే?"

"చేతకాదని రాస్తే రాయనివ్వండి సార్, నాలుగు తిట్లు పడతాం. అసలు పనే లేదని రాస్తే బల్ల పోతుంది."

"నీ బల్ల" అన్నారు ఆయన.

"నా బల్లే. మీకేం, మిషన్ వస్తుంది."

అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆయన కోపంతో లేస్తారనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయారు. "వెళ్ళు. చూద్దాం" అన్నారు.

తలుపు వేసుకుని ఆయన ఎవరికో ఫోన్ చేశారు. బీమా ఆఫీసుకో, మిషన్ అమ్మేవాళ్ళకో మైనమ్మకి తెలియలేదు. ఆ శని, ఆది వారాలు ఆమె మొగుడి ముందు గదిలో సూది పట్టుకుని రెగ్జిన్ కుట్టి చూసింది. కుట్టు వంకరపోయింది. మొగుడు చూసి విప్పేశాడు.

సోమవారం పొద్దున ఆమె బ్లాకులు నొక్కి చూస్తుండగా గుమ్మం దగ్గర మడత స్టూలు చప్పుడైంది.

ఆ తర్వాత రోజుల్లో ఏదీ దాచలేదు. చిరిగినవి చిరిగినట్టే బల్ల మీద పడి ఉన్నాయి. విరిగిన బ్లేడ్లు ఆయనే ఏరి చూసుకునేవాడు. రంగుల తమ్ముడు తొట్టి రుద్దడం మానేసి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ మైనమ్మకి ఇంకో పరీక్ష ఎదురైంది. ఒకరోజు వరసగా చాలా బ్లాకులు గుజ్జుగా వచ్చాయి. వాచీ ఆయన వాచీ నొక్కి, "ఇవన్నీ కొవ్వు ముక్కలేనా?" అన్నాడు.

అవునంటే చాలు. అంతా లెక్కలో పడిపోయేది. వెనకనుంచి రంగుల తమ్ముడు దగ్గాడు కూడా. మైనమ్మ బ్లాకుని వెలుతురులో తిప్పి చూసింది. పేగు ముక్క. దీనిలో కొవ్వెక్కడిది?

"కాదు. స్పిరిటు పాతబడింది, తడి సరిగ్గా లాగలేదు. మార్చాల్సిన రోజుకి మార్చలేదు మేము. ఇది ముక్క తప్పు కాదు, మా తప్పు" అంది.

ఆయన వాచీ ఆపేశాడు. ఆ పూటంతా చేసిన పని ఏదీ లెక్కలోకి రాలేదు.

"అక్కా, నీ నోటికి తాళం ఉండదా?" అని రంగుల తమ్ముడు మొత్తుకున్నాడు. "నా నోటికి ఉండదని నన్నంటావు!"

అయితే ఆ పూట తర్వాత వాచీ ఆయన తీరు మారింది. చిరిగిన ప్రతిదాన్నీ తను నొక్కి చూడటం మానేసి, "ఇదెందుకమ్మా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆమె ఎముక అంటే ఎముక అని, కొవ్వు అంటే కొవ్వు అని రాసుకున్నాడు. ఆమె మాత్రం ఆయన ఏం రాస్తున్నాడో చూడాలని మెడ చాపుతూనే ఉంది. ఆయన రాత కోడి కెలికినట్టుంది, ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఒక సాయంత్రం ఆయన నమస్కారం పెట్టి, స్టూలు మడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కబురు లేదు.

రేట్లు రావడానికి చాలా కాలం పట్టింది. ఆలోగా మిషన్ అమ్మేవాళ్ళు ఒకసారి వచ్చి గది చూసి వెళ్ళారు. వాళ్ళున్నంతసేపూ మైనమ్మ చక్రం ఆపలేదు. చెప్పులు విడవమని తను చెప్పినా వాళ్ళు విడవలేదు, అది మాత్రం మనసులో పెట్టుకుంది.

చివరికి పెద్ద డాక్టరు గారు ఒక మధ్యాహ్నం వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. "కొవ్వు ముక్కలకీ, ఎముకకీ విడిగా రేటు పెట్టారు. పాత దాని కన్నా బాగానే పెంచారు. చిన్న ముక్కలకి తగ్గించారు."

"తగ్గించారా?" అన్నాడు రంగుల తమ్ముడు. "మా అక్క అంత వేగంగా తిప్పితే తగ్గించరా మరి!"

"మనకి ఆ కొవ్వు, ఎముక లాంటి పెద్దవే ఎక్కువ వస్తాయి కాబట్టి గిట్టుతుంది" అన్నారు డాక్టరు గారు. "గది ఉంటుంది. మళ్ళీ రేట్లు మార్చేదాకా." ఒక్క క్షణం ఆగి, "స్పిరిటు ఇకనుంచి రోజు తప్పకుండా మార్చండి. దాని గురించి కూడా రాశాడతను" అని వెళ్ళిపోయారు.

మైనమ్మ ఆ రోజు సంతోషంగానే ఉంది. రంగుల తమ్ముడికి టీ కూడా తనే తెచ్చిచ్చింది. వారం తిరక్కుండానే ల్యాబు ఫోన్‌కి ఆమె కోసం ఎవరో చేశారు. గొంతు తెలీదు. పట్నం అవతల ఒక చిన్న ల్యాబులో చక్రం తిప్పే ఆవిడట.

"మెడలో వాచీ ఉన్న ఆయన ముందు మా దగ్గరే కూర్చున్నాడు" అంది ఆవిడ. "మాకొచ్చేవన్నీ చిన్న ముక్కలు. రేటు తగ్గింది. మా సారు ఇక నడపలేనంటున్నాడు. మీకు మాత్రం పెరిగిందట. ఏం ముట్టజెప్పారు ఆయనకి?"

మైనమ్మకి మొదట కోపం వచ్చింది. తర్వాత అడిగింది. "మీ చిన్న ముక్కలు ఇబ్బంది పెట్టవా?"

"పెట్టకేం. వెంట్రుక మొన అంతవి. పక్కకి ఒరిగాయంటే మళ్ళీ అచ్చు పోసుకోవాలి. ఒక్కోటి ఎన్నిసార్లు పోస్తామో."

"అది ఆయన చూశాడా?"

ఆవిడ గొంతు లేచింది. "మేమెందుకు చూపిస్తాం? మా పరువు మాకు లేదా?"

"మేమూ మొదట దాచాం" అంది మైనమ్మ. "తర్వాత చిరిగినవన్నీ ముందు పెట్టాం. అంతే. మీ సారుతో చెప్పి మళ్ళీ చూడమని అడగండి. అడిగితే వస్తారు."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం లేదా? నన్ను నమ్మమంటారా?" అంది ఆవిడ, ఫోన్ పెట్టేసింది.

మైనమ్మ కూడా రిసీవరు పెట్టేసింది. ఆవిడ స్థానంలో తనున్నా నమ్మేది కాదు. బల్ల దగ్గరికి వచ్చేసరికి, మాటల్లో పడి వదిలేసిన బ్లాకు వెచ్చబడిపోయింది. దాన్ని మళ్ళీ ఐసు మీద బోర్లించి, గట్టిపడేదాకా కూర్చుని, ఆ ల్యాబు ఎక్కడుందో, ఆదివారం బస్సులో వెళ్తే ఆవిడ ఇల్లు ఎవరైనా చూపిస్తారో లేదో అని ఆలోచించింది.